తీసి పెట్టేయ్, సరిపోతుంది

నెట్‌వర్క్ నత్తనడక నడుస్తోందా? డ్రైవర్ తీసి పెట్టేయ్. ల్యాప్‌టాప్ మూత మూసి తెరిచాక వైఫై రాలేదా? తీసి పెట్టేయ్. సర్వర్‌లో ప్యాకెట్లు రాలిపోతున్నాయా? అడగాలా, తీసి పెట్టేయ్! లినక్స్ ముందు కూర్చునే జనంలో ఈ సలహా ఇవ్వనివాడు, పుచ్చుకోనివాడు అరుదు. ఇచ్చినవాడికి పైసా ఖర్చు లేదు. బెడిసికొడితే "నీ కార్డే పాతది" అనే రెండో సలహా జేబులో ఎప్పుడూ సిద్ధం.

పెట్టడంతో నాకు పేచీ లేదు. డ్రైవర్ మాడ్యూల్‌ను మెమరీలోకి ఎక్కించేటప్పటికి దాన్ని ఇంకా ఎవరూ వాడటం లేదు. కుదరకపోతే కెర్నెల్ ఒక ఎర్రర్ చెప్పి ఊరుకుంటుంది. గొడవంతా తీయడంలోనే.

ముందుగా ఈ సలహాను ఎస్‌ఎస్‌హెచ్‌లో అమలుచేసే ధీరుల్ని తలచుకోవాలి. మనిషి హైదరాబాద్‌లో నైట్ షిఫ్ట్‌లో ఉంటాడు, సర్వర్ ఇంకో ఖండంలో ఉంటుంది, మధ్యన ఉన్న దారి ఆ కార్డొక్కటే. మాడ్యూల్‌ను తీసే ‘మోడ్‌ప్రోబ్ మైనస్ ఆర్’ కొడతాడు. సర్వర్ ఆ ఆదేశాన్ని శిరసావహిస్తుంది. ఇక రెండో ఆదేశాన్ని ఏ దారిన పంపాలో సలహా ఇచ్చినవాడు చెప్పలేదు. ఇంకొంచెం తెలివైనవాడు రెండింటినీ ఒకే వరుసలో కలిపి కొడతాడు. కార్డు తిరిగొస్తుంది కానీ, చేత్తో ఇచ్చిన ఐపీ అడ్రసూ రూట్లూ దాని వెంట రావు. వాటిని మళ్లీ పెట్టే ప్రోగ్రామేదీ లేకపోతే వీడి గతీ మొదటివాడి గతే, కాకపోతే కాస్త గౌరవంగా.

సరే, మన మిత్రుడు సర్వర్ పక్కనే ఉన్నాడనుకుందాం. తీసేముందు జాగ్రత్తగా, మాడ్యూళ్ల జాబితా చూపే ‘ఎల్ఎస్‌మాడ్’ కొట్టి చూస్తాడు. డ్రైవర్ పేరుకు ఎదురుగా వాడుక లెక్క సున్నా. "ఎవరూ వాడటం లేదు, తీసేయొచ్చు" అని తీర్పు. ఆ క్షణాన అదే కార్డు మీంచి సగం ఆఫీసు ఈమెయిళ్లు పోతుండొచ్చు. సున్నా మాత్రం సున్నాగానే ఉంటుంది. ఫైల్ సిస్టమ్ మౌంట్ అయి ఉండగా దాని మాడ్యూల్‌ను తీయబోతే, వాడుకలో ఉందంటూ కెర్నెల్ అడ్డుపడుతుంది. నెట్‌వర్క్ డ్రైవర్‌కు మామూలుగా ఆ అడ్డు లేదు. ఎవరూ మరిచిపోయి వదిలేసింది కాదిది. యూఎస్‌బీ కార్డును జనం చెప్పాపెట్టకుండా పీకేస్తారు కనక, ఇంటర్‌ఫేస్ ఏ క్షణమైనా మాయం కావచ్చన్న ఎరుకతోనే ఆ కోడ్ రాసుకున్నారు. కాబట్టి ఆ సున్నా చెప్పేదల్లా ఇక్కడ లెక్కపెట్టడం లేదనే.

లెక్కపెట్టిన రోజులూ ఉన్నాయి. 2.4 కెర్నెల్ కాలంలో చాలా మాడ్యూళ్లు తమ లెక్క తామే పెంచుకునేవి. ఆ లెక్క పెంచే లైను కూడా, తీసేయబోతున్న మాడ్యూల్లోనే ఉండేది. ఆ లైను దాకా వచ్చేలోపే మాడ్యూల్ పోతే? 2002లో కెర్నెల్ డెవలపర్ రస్టీ రసెల్ 2.5లో మాడ్యూల్ లోడర్‌ను తిరగరాసి, లెక్కను మాడ్యూల్‌ను పిలిచే బయటివాళ్ల చేతుల్లో పెట్టాడు. అసలు అన్‌లోడ్ సౌకర్యమే లేకుండా కెర్నెల్‌ను కట్టుకునే వీలు కూడా ఉంది. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లయితే 2015 నాటి తమ 5.7లో మాడ్యూళ్ల గొడవే వద్దని మొత్తం ఎత్తేశారు. ఒక్కోసారి నా ఓటు వాళ్లకే.

ఇంతకీ తీయడంలో అంత ఏముంది? భోజనాల బంతి నడుస్తుండగా పెళ్లి పందిరి గుంజలు పీకడంలో ఎంత ఉందో అంత. టైమర్ ఒకటి అర సెకనులో మోగబోతుంటుంది. వర్క్‌క్యూలో పని ఒకటి తనను తానే మళ్లీ మళ్లీ వరుసలో నిలబెట్టుకుంటుంటుంది. ఇంకో సీపీయూ ఆ డ్రైవర్ ఫంక్షన్ మధ్యలో ఉంటుంది. అందరికన్నా మొండిది కార్డు: మెమరీలోకి నేరుగా రాసే డీఎంఏను ఆపమని చెప్పకపోతే, ఆ మెమరీని ఇంకెవరికో ఇచ్చేశాక కూడా వచ్చిన ప్యాకెట్‌ను తెచ్చి అక్కడే పోస్తుంది. వీళ్లందర్నీ వరుస తప్పకుండా లేపాలి. ఇంటర్‌ఫేస్‌ను రిజిస్టర్ నుంచి తీసి, పోలింగ్ ఆపి, ఇంటరప్ట్ వదిలి, టైమర్లూ పనులూ నిజంగా ముగిసేదాకా ఆగి, చిట్టచివర ఇంటర్‌ఫేస్ మెమరీని వదిలే ‘ఫ్రీ_నెట్‌డెవ్’. డ్రైవర్లు రాసేవాళ్లలో కొందరికి ఈ చివరిదంటే మహా తొందర. డ్రైవర్ సొంత డేటా కూడా ఆ మెమరీ ముక్కలోనే ఉంటుంది. ముక్కను వదిలేసి, తర్వాతి లైనులో అదే డేటాను అడుగుతారు. ఇక విండోస్‌లో, పెండింగ్ పనులు రద్దు చేయకుండా డ్రైవర్ వెళ్లిపోతే దానికంటూ ఒక నీలి తెరే ఉంది, పేరుతో సహా.

పాత అడ్రసు ఒకటి ఎవరి దగ్గరో మిగిలిపోతే కొంప మునుగుతుందా అనేవాళ్లకు 2008 గుర్తుచేయాలి. 2.6.27 కెర్నెల్ తయారవుతుండగా, ఇంటెల్ ఈ1000ఈ డ్రైవర్‌తో నడిచే కొన్ని కార్డులు చచ్చిపోసాగాయి. రీబూట్ చేస్తే లేచే చావు కాదు, కార్డులోని శాశ్వత మెమరీలో ఉన్న రాతే చెడిపోయింది. అందరి వేలూ ఈ1000ఈ వైపే. తీరా దొరికిన దొంగ, కెర్నెల్ ఫంక్షన్ల జాడ తీసే ఎఫ్‌ట్రేస్. మాడ్యూల్ ఎక్కేటప్పుడు మాత్రమే పనికొచ్చే కోడ్‌ను కెర్నెల్ ఆ తర్వాత వదిలేస్తుంది. ఆ కోడ్ అడ్రసు మాత్రం ఎఫ్‌ట్రేస్ చిట్టాలో ఉండిపోయింది. ఖాళీ అయిన చోటికి కార్డు మెమరీ వచ్చి చేరింది. చిట్టా పట్టుకుని వెళ్లి ఎఫ్‌ట్రేస్ రాసిన రాత నేరుగా కార్డులో పడింది. అక్కడ పోయింది కాస్తంత ప్రారంభ కోడ్. మన మిత్రుడు పీకేది డ్రైవర్ మొత్తాన్ని.

కెర్నెల్ మటుకు ఓర్పుగానే ఉంటుంది. ఎవరో ఇంటర్‌ఫేస్‌ను పట్టుకుని వదలకపోతే, అది ఖాళీ అయ్యేదాకా ఎదురుచూస్తున్నానని పది సెకన్లకోసారి లాగ్‌లో రాస్తుంది. డాకర్ నడిపేవాళ్లలో చాలామందికి ఆ లైను కంఠతా వచ్చు. పట్టుకున్నదెవరో కనిపెట్టడం ఎంత కష్టమంటే, అందుకోసమే 2022లో 5.17 కెర్నెల్‌లోకి ప్రత్యేకంగా ఒక ట్రాకర్ రావాల్సొచ్చింది. మన మిత్రుడు అంతసేపు ఆగడు. బలవంతంగా తీయమనే మైనస్ ఎఫ్ తగిలిస్తాడు. ఆ బలవంతం దాటగలిగేది మాడ్యూల్ లెక్కను. ఆ లెక్క మొదట్నుంచీ సున్నాయే కదా. వెళ్లిపోతున్న మాడ్యూల్‌ను మళ్లీ వెళ్లమంటే కెర్నెల్ ‘బిజీ’ అంటుంది. ఇంకో మాడ్యూల్ మీద ఆ అస్త్రం పారినా, కెర్నెల్ తనకు తానే ‘ఆర్’ అనే మచ్చ పెట్టుకుంటుంది. రీబూట్ దాకా అది పోదు. అది ఉన్నంతసేపు మీ బగ్ రిపోర్టును డెవలపర్లు అనుమానంగానే చూస్తారు.

చివరికి చేసేది రీబూటే. అందులో ఇంకో తమాషా ఉంది. మాడ్యూల్‌ను తీసేటప్పుడు నడిచే ఎగ్జిట్ ఫంక్షన్ల జోలికి రీబూట్‌లో కెర్నెల్ పోనే పోదు. షట్‌డౌన్ అనే వేరే ఫంక్షన్‌ను పిలిచి పని ముగిస్తుంది. సర్వర్ మదర్‌బోర్డుకు అతుక్కున్న కార్డును ఎవరూ ఊడబీకరు. అంటే డ్రైవర్ రచయిత ఎంతో కష్టపడి, లేదా అసలు కష్టపడకుండా, రాసిన ఆ ఎగ్జిట్ కోడ్‌ను ఫీల్డులో నడిపిచూసే టెస్టర్ దాదాపుగా మన మిత్రుడొక్కడే. ట్రాఫిక్ నిండుగా నడుస్తుండగా, మెమరీ తప్పులు పట్టే కాసన్ ఆన్ చేసుకుని, ల్యాబ్‌లో వందలసార్లు జరగాల్సిన ఆ పరీక్షను పాపం ఆయన ప్రొడక్షన్ సర్వర్ మీద జరిపిస్తున్నాడు, సర్వర్ సొంతదారుకు చెప్పకుండా.