కాలి మీద కృష్ణానది

"సొంత కాళ్ల మీద నిలబడాలిరా" అని మా నాన్న పోరు పెట్టేవాడు. నిలబడ్డాను, సోషల్ మాస్టారినై. హోంవర్కు చేయనివాణ్ని పది నిమిషాలు నిలబెడతాం. ఏ తప్పూ చేయని మాస్టారు సాయంత్రం బెల్లు కొట్టేదాకా నిలబడాలి.

ఫలితం ఎడమ పిక్క మీద తేలింది. నీలంగా, మెలికలు తిరుగుతూ, అచ్చం నేను బోర్డు మీద గీసే కృష్ణానదే. "ఇది భీమా, ఇది తుంగభద్ర" అని మా ఆవిడకి చూపిస్తే, "ఆల్మట్టి ఎక్కడో చూడండి, పైనెక్కడో ఆగిపోయినట్టుంది" అంది.

అంతకుముందే కాళ్లు నోటీసులిచ్చాయి. పొద్దుగూకేసరికి బరువు, మేజోడు విప్పితే చర్మం మీద గాడి, చీలమండ దగ్గర దురద, అర్ధరాత్రి పిక్క పట్టేయడం. గాడికి ఎలాస్టిక్‌ని తిట్టాం, దురదకి తామర మందు రాశాం. బరువుకి మా అత్తగారు వంకాయని దోషిగా తేల్చారు. ఎన్ని గుత్తివంకాయ కూరలు అన్యాయంగా పోయాయో!

ఆఖరికి డాప్లర్ స్కాన్. అక్కడా నిలబడమన్నారు! నిలబడితేనే రక్తం వెనక్కి జారడం కనబడుతుందట. అడుగు వేసినప్పుడల్లా పిక్క కండరం రక్తాన్ని గుండె వైపు నెడుతుంది. అది మళ్లీ కిందికి రాకుండా సిరల్లో చిన్న కవాటాలు మూసుకుంటాయి. అవి సరిగ్గా మూసుకోకపోతే రక్తం నిలవబడి సిర ఉబ్బుతుంది. ఈ కవాటాల గురించి 1603లో శరీరశాస్త్రం మాస్టారు ఫాబ్రిసియస్ బొమ్మలతో సహా అచ్చేయించాడు. వాటి పని మాత్రం సరిగ్గా పోల్చుకోలేదు. 1628లో ఆయన శిష్యుడు హార్వే పోల్చుకున్నాడు. శిష్యులకి మాస్టారి కంటే ఎక్కువ తెలియడం నాకు కొత్తేం కాదు.

ఇప్పుడు పొద్దున్నే మంచం దిగకముందే బిగుతు మేజోళ్లు తొడుక్కుంటాను. తొడుక్కోవడమంటే ఇంటిల్లిపాదికీ వ్యాయామం. స్టాఫ్‌రూమ్‌లో ఖాళీ దొరికితే కాళ్లు ఎదుటి కుర్చీ మీద పెడతాను. చూసి హిందీ టీచరూ పెట్టారు, లెక్కల మాస్టారూ పెట్టారు.

డ్రిల్లు మాస్టారు కూడా పెట్టబోయాడు. "నడిస్తే పిక్క పట్టేస్తోంది, ఆగితే పోతోంది. పాదం చల్లగా ఉంటోంది" అన్నాడు. సిగరెట్లు మానని మనిషి. నాకు అనుమానమొచ్చింది. నాది పైకి వెళ్లలేని రక్తం. ఇతనికి కిందికే చేరడం లేదేమో. అది ధమనుల జబ్బు. అలాంటి కాలు పైకెత్తితే నొప్పి పెరగొచ్చు, బిగుతు మేజోడు హాని చేయొచ్చు. అప్పటికప్పుడు డాక్టరు దగ్గరికి తరిమాం. ఒక కాలు ఉన్నట్టుండి వాచి నొప్పెడితే మాత్రం రక్తం గడ్డకట్టిందేమోనని ఆ పూటే ఆసుపత్రికి పరిగెత్తాలి. అక్కడ వంకాయ వాదాలు పనికిరావు.

మొన్న మేమంతా కాళ్లు చాపుకుని ఉండగా ఎంఈఓగారు చెప్పాపెట్టకుండా ఊడిపడ్డారు. కాళ్లు దించే వ్యవధి కూడా లేదు. ఆయన వరసగా మా పాదాల్ని తనిఖీ చేసి, ఫైలు బల్ల మీద పెట్టి, ప్యాంటు మోకాలి దాకా మడిచారు.

"మీది కృష్ణే కదా మాస్టారూ, ఈ గోదావరి చూడండి!"