మధ్య ప్లగ్

పట్టేసిన ఇంజన్ మీద బలం చూపించకూడదు. మూడు సిలిండర్లలో ఒక్క పిస్టన్ బోరుకు అతుక్కున్నా క్రాంక్ కదలదు. అప్పుడు మొండిగా సెల్ఫ్ కొడితే బ్యాటరీ దిగిపోతుంది, ఫ్లైవీల్ పళ్లు దెబ్బతింటాయి. బోరులో నీళ్లుంటే మరీ ప్రమాదం. నీళ్లు నలగవు కాబట్టి కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. ఆర్టీసీ డిపోలో చేరిన కొత్తల్లో మా పెద్ద మేస్త్రి చెప్పిన మొదటి మాట: "నూనె పోసి ఇంటికెళ్లు. రేపొచ్చి చూడు." ఇన్నేళ్లలో అంతకన్నా మంచి ఉపాయం నాకు కనపడలేదు.

కడియం దగ్గర మా ఊళ్లో వెనక వీధి కుర్రాడొచ్చి "మావయ్యా, నాన్న వ్యాను బయటికి తీయాలి" అంటే వాడికీ అదే చెప్పాను.

అది మారుతి ఓమ్ని. వెనక సీట్లు పీకించి పూలబుట్టలకు వాడినది. 796 సీసీ, మూడు సిలిండర్లు, ముందు సీటు ఎత్తితే ఇంజన్. 1984లో వచ్చి 2019లో తయారీ ఆగిపోయిన ఆ బండి ఎన్ని ఇళ్లకు అన్నం పెట్టిందో చెప్పలేం. పానాల సంచి, కాస్త ఓపిక ఉన్నవాడెవడైనా ఇంటి ముందే విప్పుకుని బిగించుకోగలిగిన బండి. ఇప్పటి బండ్లకు ఆ గుణం లేదు, అది నిజంగా లోటే. కుర్రాడి తండ్రి కూడా అన్నీ తనే చేసుకునేవాడు. కడియపులంక మార్కెట్ నుంచి రాత్రిళ్లు పూలు తోలేవాడు. రెండేళ్ల కిందట ఒక తెల్లవారుజామున హైవే వార పంక్చరైన టైరు మారుస్తుంటే లారీ వచ్చి మనిషిని ఈడ్చుకుపోయింది. బండికి గీత కూడా పడలేదు. స్టేషన్ నుంచి తోలుకొచ్చి చింతచెట్టు కింద పెట్టారు.

ఇప్పుడు కుర్రాడికి లైసెన్సు వచ్చింది. పూల కమిషన్ వ్యాపారి విజయవాడ ట్రిప్పులు ఇస్తానన్నాడట. డిగ్రీ సగంలో ఉంది. "తర్వాత కట్టుకోవచ్చు మావయ్యా, ముందు ఇల్లు గడవాలి" అన్నాడు. కాదనడానికి నా దగ్గర మాట లేదు.

ప్లగ్గులతో మొదలుపెట్టాం. హెడ్డు అల్యూమినియం, ప్లగ్ ఉక్కు. చాన్నాళ్లు కదపకపోతే ఆ రెండు లోహాలూ అతుక్కుపోతాయి. తొందరపడితే ప్లగ్గుతో పాటు హెడ్డులో మరలు కూడా ఊడి వస్తాయి. మొదటిదానికీ మూడోదానికీ డబ్ల్యూడీ-40 కొట్టి రాత్రంతా వదిలేశాం. పొద్దున పావు చుట్టు విప్పడం, మళ్లీ కొంచెం బిగించడం, ఇంకో చుక్క వేయడం. కిర్రు కిర్రుమంటూ మధ్యాహ్నానికి గానీ రాలేదు. మధ్య ప్లగ్ మాత్రం వేళ్లతో తిప్పితే వచ్చేసింది. దాని మరల మీద తెల్లటి పొడి పేరుకుని ఉంది.

"ఒక్కటైనా కనికరించింది" అన్నాడు కుర్రాడు.

ఫోనుకు తగిలించే సన్న కెమెరా ఆ గుంటల్లోంచి దించి చూశాం. అటూ ఇటూ బోర్లు మెరుస్తున్నాయి. మధ్య బోరు ఇటుక రంగు. హెడ్ గాస్కెట్ కారి నీళ్లు దిగాయేమోనని రేడియేటర్ మూత తీస్తే నీళ్లు అంచుదాకా ఉన్నాయి.

డబ్ల్యూడీ-40 అంటే అందరికీ గురి. 1953లో అమెరికాలో తయారైంది, అట్లాస్ క్షిపణుల తొడుగుకు తుప్పు పట్టకుండా వాడారు. తేమను తరమడంలో దానికి సాటి లేదు. కానీ బోరుకు కరుచుకున్న రింగుల దాకా పాకాలంటే ఇంకా పల్చటిది కావాలి. పవర్ స్టీరింగ్ ఆయిలూ అసిటోనూ చెరి సగం కలిపి మధ్య బోరులో పోశాం. ఇంకిపోయినప్పుడల్లా మళ్లీ పోశాం. సాయంత్రాలు క్రాంక్ బోల్టుకు పానా పెట్టి, వెంట్రుకవాసి అటు, వెంట్రుకవాసి ఇటు. కదలకపోతే అక్కడితో ఆపేయడం. నాలుగో గేరులో వేసి బండిని ముందుకీ వెనక్కీ ఊపడం.

కుర్రాడి తల్లి రోజూ పొద్దుగూకే వేళకు టీ తెచ్చి సెల్లు లైటు పట్టుకుని నిలబడేది. భర్త పక్కన పట్టిన అలవాటు కాబోలు, నేను చెప్పకుండానే వెలుగు సరిగ్గా ప్లగ్ గుంట మీద పడేది.

"ఇవాళేమన్నా కదిలిందా అన్నయ్యగారూ?"

"లేదమ్మా."

తలాడించి గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయేది.

"నాకన్నా అమ్మకే తొందరగా ఉంది మావయ్యా" అనేవాడు కుర్రాడు.

ఒక సాయంత్రం పానా కింద 'టక్' మంది. పిస్టన్ జరిగింది. వాడు ఎగిరి గంతేయబోతే ఆపాను. ఇంకో పూట నూనెలో నాననిచ్చి, చేత్తోనే పూర్తి చుట్లు తిప్పించి, ప్లగ్గులు లేకుండా సెల్ఫ్ కొట్టించాను. మధ్య గుంటలోంచి ఎర్రటి బురద పైకప్పుకు చిమ్మింది. బోరులో పోసిందంతా రింగుల పక్కనుంచి కిందికి దిగి ఇంజన్ ఆయిల్‌ను పల్చన చేస్తుంది కాబట్టి చాంబర్ నట్టు విప్పి మొత్తం మార్చాం. కొత్త ప్లగ్గులు, కొత్త పెట్రోలు, అడిగి తెచ్చిన బ్యాటరీ. రెండుసార్లు దగ్గి, వాకిలంతా తెల్లటి పొగ కమ్మేసి ఇంజన్ అందుకుంది. ఆ మధ్య బోరు ఇకమీద కొంచెం ఆయిలు తాగుతుంది, కానీ నడుస్తుంది. పనిచేసే చేతికి ఆ చప్పుడును మించిన కూలి లేదు. కుర్రాడు మిఠాయి కోసం బజారుకి పరిగెత్తాడు.

వాడు వీధి మలుపు తిరిగేదాకా చూసి ఆమె దగ్గరికొచ్చింది. ఈసారి చేతిలో టీ లేదు.

"సంక్రాంతికి వాడు బండి తోల్తానన్న రాత్రి, ఆ మధ్య ప్లగ్ విప్పి చెంబుడు ఉప్పునీళ్లు పోశానన్నయ్యగారూ. అయినా లేచింది. మీకు తెలుస్తుంది కదా, ఇంకెప్పటికీ లేవకుండా ఉండాలంటే ఏం పొయ్యాలి?"