కోసిగి సర్పంచికి పీపీపీ చిట్కాలు

సర్పంచన్నా, కోసిగికి మంచినీళ్ల పథకం ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం (పీపీపీ) పద్ధతిలో తెస్తానంటున్నారట. శుభం. పీపీపీ అంటే లాభం కంపెనీది, భయం పంచాయతీది. ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు, మిగతా కాగితాలు కన్సల్టెంటే రాసిపెడతాడు.

ముందు నీళ్లు కొనేవాళ్ల లెక్క తేలాలి. జనాభా లెక్కల్లో ఉన్న తలలన్నీ వేసేయండి. వానలు మొహం చాటేస్తే వీధులకు వీధులే తాళాలేసుకుని గుంటూరు మిరపకోతలకో, బెంగళూరు కూలిపనులకో సుగ్గికి పోతాయన్న సంగతి ప్రాజెక్టు నివేదిక డీపీఆర్‌లో రానివ్వకండి. కుళాయి తిప్పే చెయ్యి లేని నెలల్లో కూడా కంపెనీకి డబ్బు ముట్టేలా కనీస చెల్లింపు హామీ రాసివ్వండి. బ్యాంకు అప్పిచ్చేది ఆ హామీ చూసే.

ఇందులో మన జిల్లాకు పాత అనుభవమే ఉంది. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, కడప దాకా కాలువ తవ్వడానికి 1858లో లండన్‌లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పెట్టారు. 10 లక్షల పౌన్ల పెట్టుబడికి 5 శాతం వడ్డీ సర్కారు హామీ. కాలువ పారినా ఎండినా లండన్ వాటాదారుకు వడ్డీ అందాల్సిందే. ఆ డబ్బు చాలకపోతే సర్కారే మళ్లీ అప్పిచ్చింది. తీరా నీళ్లొచ్చాక నల్లరేగడి రైతు తన మెట్టపంటకు వాన చాలనుకున్నాడు, తీరువ కట్టి నీళ్లు పెట్టుకోవడానికి పెద్దగా ముందుకు రాలేదు. 1882లో సర్కారే ఆ కాలువను కొనుక్కుంది. వడ్డీకి పూచీపడ్డవాడే చివరికి అసలూ ఇచ్చుకున్నాడు! ఇవాళ కేసీ కెనాల్ అనే ఆ కాలువ కింద ఎన్నో ఊళ్లు పండుతున్నాయి, అది వేరే సంగతి. రైతును ముందే అడిగుంటే కంపెనీ పుట్టేదే కాదేమో. కాబట్టి మీరూ ఊళ్లో ఎవర్నీ అడక్కండి.

ధర దగ్గర జాగ్రత్త. 2014 అక్టోబరు 2న మొదలైన ఎన్టీఆర్ సుజల స్రవంతిలో 20 లీటర్లు 2 రూపాయలన్నారు. జనం అది మరచిపోరు. మీరూ గోడ మీద 2 రూపాయలనే రాయించి, తేడా పంచాయతీ ఖాతాలోంచి కట్టండి. ఖాతాలో ఏముందంటారా? 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకిచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలంది. అలాంటి గ్రాంటు ఎప్పుడొచ్చినా ముందు కంపెనీకే పోయేలా ఒప్పందంలో కట్టేయండి. మరి మురికికాల్వ పూడిక ఎవరు తీస్తారని వార్డు మెంబరు అడిగితే, రెండో దశలో అనండి.

మోటారు కాలితే ఎన్ని గంటల్లో బాగుచేయాలి, చేయకపోతే జరిమానా ఎంత లాంటివి రాస్తే కంపెనీ మనసు నొచ్చుకుంటుంది. ‘సకాలంలో’ అని సరిపెట్టండి. గడువు 30 ఏళ్లు పెట్టించండి. మీ పదవి ఎలాగూ 5 ఏళ్లే.

గ్రామసభ ఫిబ్రవరిలో పెట్టండి, సుగ్గికి పోయినవాళ్లు తిరిగి రాకముందే. ఒప్పందం ఇంగ్లీషులో చదివించండి. మిగిలిన ముసలమ్మల్లో ఎవరైనా లేచి ‘బిందె ఎంత నాయనా?’ అంటే, మైకు ఎమ్మెల్యేగారి చేతికివ్వండి.