చిక్కదనోపాఖ్యానం

మన రోడ్ల మీద తిరిగే పికప్ బండికి ముందు దిష్టిబొమ్మ, వెనక నల్లతాడు, అద్దం మీద ఒక దేవుడు, డ్యాష్‌బోర్డు మీద ఇంకో దేవుడు, బంపరుకి నిమ్మకాయలు, మిరపకాయలు. ఇంత కాపలా దాటుకుని కీడు రావాలంటే కింది నుంచే రావాలి. కింద, వెనక ఇరుసు మధ్యలో ఉన్నది హౌసింగ్. దాంట్లో క్రౌను, పీనియను అనే పళ్లచక్రాలు. అవి ఏ ఆయిల్లో మునిగి ఉన్నాయో ఓనరుకి తెలీదు, డ్రైవరుకి పట్టదు.

ఆయిల్ ఎంపికకు మన దగ్గర ఒకటే పరీక్ష. రెండు వేళ్ల మధ్య వేసి రుద్దడం. తీగ సాగిందా, మేలురకం. సాగలేదా, కల్తీ. అరిసెల పాకానికి ఈ పరీక్ష శిరోధార్యమే. బండితో ఇచ్చిన పుస్తకంలో ఏ గ్రేడు పోయాలో, ఎన్ని లీటర్లు పోయాలో అచ్చేసి ఉంటుంది గానీ, ఆ పుస్తకం కవరు విప్పకూడదు. అమ్మేటప్పుడు కొత్తగా కనబడాలి కదా!

అసలు సంగతి వినే ఓపిక ఉన్నవాళ్లకి. పీనియన్‌ని క్రౌను మధ్యగీత నుంచి కిందికి జరిపి, దాన్ని తిప్పే షాఫ్టు ఎత్తు తగ్గించే ఏర్పాటుని హైపాయిడ్ అంటారు. 1920ల్లో అమెరికాలో ప్యాకార్డ్ కార్లతో వాడుకలోకి వచ్చింది. ఇందులో పళ్లు దొర్లడమే కాదు, పొడవునా రాసుకుంటూ జారతాయి. ఆ ఒత్తిడికి ఎంత చిక్కటి నూనె పొరైనా పిండుకుపోతుంది. అప్పుడు పళ్లని కాచేవి ఆయిల్లో కలిపిన గంధకం, భాస్వరం మందులు. వేడెక్కిన చోట ఉక్కుతో కలిసి పల్చటి పొర కట్టి, ఉక్కుకి బదులు అవి అరుగుతాయి. డబ్బా మీద జీఎల్-5 అని ఉంటే ఆ మందుల మోతాదు ఎక్కువని. మూత తీయగానే కుళ్లు కంపు కొడుతుందే, అదీ ఆ గంధకం పుణ్యమే. ఆ కంపు చూసి 'పాత సరుకు అంటగడుతున్నావా' అని షాపువాడి మీదికి వెళ్లే మేధావులు ఉన్నారు.

జీఎల్-5 గొప్పదని తెలిశాక రెండో విడత తెలివి మొదలవుతుంది. నాలుగు కంటే ఐదు పెద్దది కాబట్టి గేర్‌బాక్సులోనూ అదే కుమ్మరించు! అక్కడ ఉండేవి గేర్లు సాఫీగా పడేలా చూసే ఇత్తడి సింక్రో రింగులు. జీఎల్-4 అడిగిన పెట్టెలో ఇది పోస్తే గంధకం ఇత్తడిని కొరుక్కు తినొచ్చు. గేర్లు పడక కరకరమంటే మాత్రం డ్రైవరుకి బండి నడపడం రాదు.

ఇంజిన్ ఆయిల్ నలభై, గేర్ ఆయిల్ తొంభై, కాబట్టి ఇది రెట్టింపు చిక్కనని మేస్త్రి గణితం. కొలబద్దలే వేరు స్వామీ! నీళ్లు మరిగే వేడి దగ్గర కొలిస్తే గేర్ ఆయిల్ 90 చిక్కదనం, ఇంజిన్ ఆయిల్ 40, 50ల దరిదాపుల్లోనే ఉంటుంది. వింటే కదా. 80డబ్ల్యూ-90 అడిగిన హౌసింగ్‌లో 85డబ్ల్యూ-140 దిగ్గొట్టి 'మాది లోడు బండి' అంటారు. 140 అడిగే బండ్లూ ఉన్నాయి, వాటికి అదే పోయాలి. అడగని బండిలో పోస్తే తెల్లారుజామున అది బద్ధకంగా కదులుతుంది, కదిలించే ఖర్చు డీజిల్ ట్యాంకు భరిస్తుంది. 1.7 టన్నుల పికప్‌కి కమాన్ పట్టీలు ఎక్కువేయించి 3 టన్నులు ఎక్కించే మహానుభావుడే, డ్రమ్ములోంచి కొలిచిపోసే లూజు ఆయిల్ దగ్గర లీటరుకి యాభై తగ్గించమని గంటసేపు బేరమాడతాడు.

పోయడంలో మాత్రం పిసినారితనం లేదు. పోసే బోల్టు రంధ్రం కింది అంచుదాకా వస్తే చాలు. మనవాళ్లు బండిని ఒక పక్కకి ఎత్తి మరీ ఇంకో అర లీటరు పట్టిస్తారు. ఆ అదనం సీలు దాటి బ్రేకు డ్రమ్ములోకి కారుతుంది. శ్రీశైలం ఘాటు దిగేటప్పుడు డ్యాష్‌బోర్డు మీది దేవుడికి చేతినిండా పని.

చివరికి హౌసింగ్ ఊళ పెడుతుంది. తక్షణ చికిత్స, పాటల సౌండు పెంచడం. అదీ చాలకపోతే బండి బేరానికి పెట్టడం. పెట్టేముందు లోపల గుప్పెడు రంపపుపొట్టు వేస్తే నాలుగు రోజులు కిక్కురుమనదు. కొనడానికి వచ్చినాయన టైర్లు కాలితో తన్ని, హారను కొట్టి, సీటు మీద ఎగిరి కూర్చుని చూస్తాడు. పక్కన బ్రోకరు, దుర్ముహూర్తం వచ్చేలోగా సంతకాలు కానిమ్మని తొందరపెడుతుంటాడు.