‘నో నైట్రైట్’ ప్యాకెట్టుపై ఒక అర్జీ

అమెరికా వ్యవసాయ శాఖలో మాంసం లేబుళ్లు చూసే అధికారుల సముఖానికి,

టెక్సస్‌లో కాపురముంటున్న ఒక తెలుగు తండ్రి సవినయంగా చేసుకుంటున్న మనవి.

2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారి క్యాన్సర్ పరిశోధన విభాగం ప్రాసెస్డ్ మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని లెక్క కట్టింది. ఈ సంగతి అర్జీదారు చెవిన పడింది ఈ మధ్యే. ఆ వారమే పాప లంచ్‌బాక్సులోంచి హ్యామ్ పోయి, రెండు డాలర్లు ఎక్కువ పోసి కొన్న ‘అన్‌క్యూర్డ్’ టర్కీ వచ్చింది.

ప్యాకెట్టు ముందు పెద్దక్షరాలు: ‘నైట్రేట్లు, నైట్రైట్లు కలపలేదు’. కళ్లజోడు పెట్టుకుని వెతికితే కింద చీమతలకాయలంత అక్షరాలు: ‘సెలరీ పొడిలో సహజంగా ఉన్నవి తప్ప’.

ఆ ‘తప్ప’లోనే ఉంది తిరకాసంతా. సెలరీలో నైట్రేటు దండిగా ఉంటుంది. ఫ్యాక్టరీలో దాని రసానికి బ్యాక్టీరియాను తోడు వేస్తే, పాలు పెరుగైనట్టు, నైట్రేటు నైట్రైటవుతుంది. ఇక మాంసంలో అది చేసేది సోడియం నైట్రైటు చేసే పనే: గులాబీ రంగు నిలపడం, బొటులిజం తెచ్చే క్రిమిని అడ్డుకోవడం, క్యాన్సర్ తెచ్చే ప్రమాదమున్న నైట్రోసమీన్లు పుట్టే దారి తెరవడం. నేతి బీరకాయలో నెయ్యి లేకపోవడం అర్జీదారు చిన్నప్పుడే చూశాడు. లేదన్నది ఉండటం ఇదే మొదలు.

ఇది కంపెనీల గడుసుతనం మాత్రమే అయితే తమరిదాకా వచ్చేవాడు కాదు. తమరి నిబంధనల్లో సెలరీ పొడి క్యూరింగ్ (మాంసాన్ని నిల్వపట్టే) దినుసు కాదు, రుచికి వేసేది. అందువల్ల ‘అన్‌క్యూర్డ్’ అని అచ్చు వేయమన్నది తమరే! 2019లో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 31 డెలి మాంసాలను పరీక్షిస్తే, క్యూర్డ్‌లోనూ అన్‌క్యూర్డ్‌లోనూ నైట్రేట్లు, నైట్రైట్లు సగటున దాదాపు ఒకేలా తేలాయి. ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి?

మొక్కల మాంసం మాటేమిటంటారా? 2020లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 36 మందికి ఎనిమిది వారాలు అది, ఎనిమిది వారాలు మామూలు మాంసం పెట్టి చూశారు. మొక్కలది తిన్నప్పుడు చెడ్డ కొలెస్ట్రాల్, బరువు కాస్త తగ్గాయి. ఖర్చు భరించింది ఆ సరుకు అమ్మే బియాండ్ మీట్ కంపెనీయే అయినా, ఫలితాన్ని తీసిపారేయలేం. ఉప్పు లెక్క వేరు: మొక్కల మాంసపు ‘ఇంపాజిబుల్’ బర్గర్ 113 గ్రాముల్లో 370 మిల్లీగ్రాముల సోడియం ఉంది. అంతే బరువున్న పచ్చి బీఫ్‌లో 75 మాత్రమే. బీఫ్‌కు ఉప్పు వంటింట్లో పడుతుంది, నిజమే. కానీ ఆ చెయ్యి మనది.

కాబట్టి అర్జీదారు కోరేది ఒక్కటే. సెలరీ అక్షరాలను ప్యాకెట్టు ముందుకు, పెద్దవాటి పక్కకు తెప్పించండి. నైట్రైటు ఎక్కడినుంచి వచ్చినా ‘కలపలేదు’, ‘అన్‌క్యూర్డ్’ అనే మాటలు వాడకుండా నిబంధన ప్రతిపాదిస్తామని 2020 డిసెంబరులో తమరే సెలవిచ్చారు. ఆ ఫైలు ఏ బల్ల మీదుందో తెలియజేయ ప్రార్థన.

ఇట్లు,
విధేయుడు,
అర్జీదారు

తా.క. ఈ రోజు డబ్బాలో రాత్రి మిగిలిన కోడివేపుడు బ్రెడ్డు ముక్కల మధ్య పెట్టి పంపడమైంది. దానికి లేబుల్ లేదు. కారం ఎక్కువైందని పాప ఫిర్యాదు చేసింది గాని, అది తమరి పరిధిలోకి రాదు.