ఒక టెండరు వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: “ఒప్పంద కాలమందు ఇంధనాది వ్యయములు పెరిగినను గుత్తేదారునకు అంగీకృత ధరకు మించి చెల్లింపబడదు.”

అవతారిక: పురపాలక సంఘాలు చెత్త తరలింపును గుత్తకిచ్చేటప్పుడు రాసుకునే షరతుల మధ్య ఈ తరహా వాక్యం తరచుగా ఎదురవుతుంది. శ్లేషకూ చిత్రకవిత్వానికీ టీకలు రాసి ధన్యులైన పూర్వ వ్యాఖ్యాతలెవ్వరూ టెండరు పత్రం జోలికి రాకపోవడంతో, దీని గూఢార్థం వీధి మలుపుల్లోని కుప్పల వద్ద తప్ప మరెక్కడా వెల్లడి కాలేదు.

ప్రతిపదార్థం: ఒప్పంద కాలమందు = సంతకము మొదలు, పొడిగింపు మీద పొడిగింపుగా, మరుసటి టెండరు ఖరారగు వరకు; ఇంధనాది = డీజిలు మొదలగు (ఇచట ‘ఆది’ శబ్దముచేత టైర్లు, ఇంజిను ఆయిలు, డ్రైవరు బత్తా గ్రహింపవలెను); వ్యయములు = ఖర్చులు; పెరిగినను = పెరుగుట నిశ్చయమే యైనను; గుత్తేదారునకు = అందరికంటె తక్కువకు పాడి పని దక్కించుకొన్నవానికి; అంగీకృత ధరకు = కాటా చీటీనిబట్టి టన్నుకింత అని కట్టు రేటునకు; మించి = అధికముగా; చెల్లింపబడదు = ఇయ్యబడదు. మించనిదైనను సకాలమందు ఇయ్యబడునని ఇందు చెప్పబడలేదని గమనింపవలెను.

తాత్పర్యం: డీజిలు ధర 2014 అక్టోబరులో ప్రభుత్వ నియంత్రణ నుంచి తప్పుకొని, 2017 జూన్ 16 నుంచి దేశమంతటా ఏ రోజుకారోజు సవరించే పద్ధతిలోకి వచ్చినా, చెత్త ఒప్పందం మాత్రం ఏళ్ల తరబడి ఒకే అంకెను పట్టుకుని కూర్చుంటుంది. పైగా చెత్తను అదిమి గట్టిపరిచే కాంపాక్టరు లారీ, నిలబడి ఉన్నప్పుడు కూడా హైడ్రాలిక్ పలకను నెట్టడానికి ఇంజినును తిప్పుతూనే ఉంటుంది గనుక, కిలోమీటర్ల లెక్కతో ఇంధన ఖర్చును అంచనా వేసే అధికారి తప్పులో కాలేస్తాడు. రేటు పెంచుకోలేని గుత్తేదారు పనిని తగ్గించుకుంటాడు: సాయంత్రపు రెండో ట్రిప్పు మొదట పోతుంది, తరువాత డ్రైవర్ల జీతాలు నెల దాటుతాయి, ఆపైన ఊరి చివరి డంపింగ్ యార్డుకు చేరవలసిన లోడు చీకటిపడ్డాక దగ్గరి చెరువు గట్టున దిగుతుంది.

పూర్వపక్షం: నష్టం గుత్తేదారుదే గదా, సంఘానికేమి?

సిద్ధాంతం: అట్లు కాదు. డీజిలు పెరుగుతుందని ముందే ఊహించినవాడు ఆ భారాన్ని కలుపుకొని ఎక్కువకు పాడి టెండరు పోగొట్టుకుంటాడు. ఊహించనివాడో, ఊహించి కూడా మధ్యలో చేతులెత్తేయదలచినవాడో పని దక్కించుకుంటాడు. ఖజానాను కాపాడవలసిన వాక్యమే చేతకానివాణ్ని ఏరి తెచ్చిపెడుతుంది.

అలంకారం: కారణం ఒకచోట, కార్యం మరొకచోట కనిపించడం అసంగతి. ఇక్కడ ధర పెరిగితే భారం లారీది, రాబడి రాష్ట్రానిది. 2021 అక్టోబరులో హైదరాబాదులో లీటరు డీజిలు 100 రూపాయలు దాటింది. డీజిలు జీఎస్టీ పరిధిలో లేదు. దానిపై తెలంగాణ వ్యాట్ 27 శాతం. శాతం లెక్క కాబట్టి ధర పెరిగినకొద్దీ లీటరు మీద రాష్ట్రానికి వచ్చే పన్నూ పెరుగుతుంది. ఆ పెరుగుదలలో కొంతైనా చెత్త లారీ ట్యాంకుకు తిరిగి రావాలని మూలవాక్యం ఎక్కడా అనదు. ఇంటింటికీ తిరిగే స్వచ్ఛ ఆటో డ్రైవరుకైతే ఈపాటి వాక్యం కూడా లేదు; డీజిలు పెరిగిన నెలలో అతడు గడప గడపకూ నిలబడి పది రూపాయలు ఎక్కువ అడగాలి, గృహస్థుల మాట పడాలి.

పాఠాంతరం: కొన్ని పత్రాల్లో ధర సవరణ సూత్రం ఉంటుంది. బిల్లులో ఇంధనం వాటా 30 శాతమనుకుంటే, డీజిలు 20 శాతం పెరిగినప్పుడు రేటు 6 శాతం పెరగాలి; అనగా లక్ష రూపాయల బిల్లు లక్షా ఆరు వేలు అవుతుంది. తగ్గినప్పుడు ఇదే సూత్రం వెనక్కి నడవాలి. 2021 నవంబరులో కేంద్రం డీజిలుపై ఎక్సైజు సుంకాన్ని లీటరుకు 10 రూపాయలు తగ్గించింది. అటువంటప్పుడు సూత్రాన్ని గుర్తుచేయడం గుత్తేదారు పని కాదు, పురపాలక సంఘపు పద్దుల విభాగం పని. ఏ తేదీ నాటి, ఏ ఊరి బంకు ధరను ఆధారంగా తీసుకోవాలో రాయని సూత్రం తగాదాకు ఆహ్వానం మాత్రమే. కనుక ఆధార తేదీ, ఇంధన వాటా, తగ్గింపు షరతు మూడూ ఉన్న పాఠమే గ్రాహ్యం, తక్కినవి అగ్రాహ్యాలు.