పొంగిన అంకెలు, తీరని చేబదుళ్లు

ఏం ఉద్యోగమని చుట్టాలు అడిగితే "సాఫ్ట్‌వేర్" అని ఊరుకుంటాను. వివరంగా చెబితే అన్నం సహించదు. నేను చేసేది శవపరీక్ష. ఎవరో రాసిన ప్రోగ్రాం అర్ధరాత్రి వేళ దబ్బున పడిపోతుంది. పడిపోతూ "సెగ్మెంటేషన్ ఫాల్ట్, కోర్ డంప్డ్" అని ఒక్క ముక్క అంటుంది. తనది కాని జాగాలో కాలు పెట్టబోయింది, ఆపరేటింగ్ సిస్టం పట్టుకుంది, పోయేముందు తన మెమరీలో ఉన్నదంతా ఒక ఫైల్లోకి కక్కింది అని దానర్థం. ఆ కక్కినదాన్ని కెలికి కారణం చెప్పినందుకు నాకు జీతం ఇస్తారు.

ఈ వృత్తిలో బతకాలంటే "పడ్డవాడు చెడ్డవాడు కాడు" అన్న సామెత ఒకటి వస్తే చాలు. ప్రోగ్రాం పడింది తొమ్మిది వందలో లైన్లో కావచ్చు. అసలు పాపం నలభయ్యో లైన్లో జరిగి ఉంటుంది. అక్కడెవరో పది అంకెలు పట్టే చోట పదకొండు రాశారు. పదకొండోది పక్కవాడి జాగాలో పడింది. పక్కవాడికి ఆ సంగతి తెలీదు. గంటల తర్వాత తన అంకె తీసి వాడుకోబోయి వాడు కుప్పకూలాడు. ఈ కథంతా నేను చెప్పేలోపే మా మేనేజర్ గారు "ఏ లైన్లో పడింది? ఆ లైను ఎవరు రాశారు?" అని అడిగేసి, పాపం ఆ తొమ్మిది వందలో లైను రాసిన కుర్రాడికి మెయిల్ కొట్టేసి ఉంటారు.

ఇన్నాళ్ల కెలుకుడులో నేను కనిపెట్టింది ఒకటే. ప్రోగ్రాములకొచ్చే ఈ జబ్బులన్నిటికీ మూలం మనిషికున్న రెండు గుణాలు. కొలత దగ్గర "ఇంత చాల్లే" అనడం, అప్పు దగ్గర "తర్వాత ఇద్దాంలే" అనడం.

మొదటి గుణాన్ని నా తరం వాళ్లు టర్బో సి నీలం తెర మీద చూశారు. లోకం ఎప్పుడో ముందుకెళ్లిపోయినా మన ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లోనూ, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలోనూ ఆ నీలం తెర చాలా ఏళ్లు వెలుగుతూనే ఉంది. అందులో పూర్ణసంఖ్యకి, అంటే ఇంట్‌కి, కేటాయించేది 16 బిట్లు. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 32,767. ఇక ల్యాబులో ఫాక్టోరియల్ ప్రోగ్రాం రాయకుండా ఎవరూ బయటపడలేరు. 7 ఇస్తే 5040 అని బుద్ధిగా చెబుతుంది. 8 ఇస్తే 40320 రావాలి కదా, మైనస్ 25216 వస్తుంది. ఒకటి నుంచి ఎనిమిది దాకా అందరూ ప్లస్సులే, వాళ్ల వంశంలో మైనస్ ఎలా పుట్టిందో ఎవరికీ అంతుబట్టదు. 9కి మైనస్ 30336. 10కి మళ్లీ బుద్ధి తెచ్చుకున్నట్టు 24320. 17కి మైనస్ 32768, అంటే అంతకంటే కిందికి దిగజారలేదు. 18 నుంచి ఇక ఏమిచ్చినా సున్నా. పద్దెనిమిది ఫాక్టోరియల్‌ని కారణాంకాలుగా విడదీస్తే పదహారు రెళ్లుంటాయి. రెండుతో పదహారు సార్లు గుణించేసరికి కింది 16 బిట్లూ సున్నాలైపోతాయి.

మా లెక్చరర్ గారు తెరకేసి కాసేపు చూసి, "లాజిక్ కరెక్టే, సిస్టం ప్రాబ్లం" అని తేల్చారు. రికార్డు బుక్కుల్లో మాత్రం ఏటేటా 8కి ఎదురుగా 40320 అనే ఉండేది. ఆ అవుట్‌పుట్ ఇచ్చింది సీనియర్ల రికార్డు మరి. వీటన్నిటిలో ప్రమాదకరమైంది పదికొచ్చిన 24320. మైనస్ కనబడితే చంటిపిల్లాడికైనా అనుమానం వస్తుంది. 36,28,800 రావాల్సిన చోట ఇస్త్రీ చొక్కా వేసుకుని పెద్దమనిషిలా వచ్చి కూర్చున్న తప్పుని ఎవరు నిలదీస్తారు?

ఇదంతా కాలేజీ పిల్లల గొడవ అనుకుంటే పొరపాటు. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి ఏరియాన్ 5 రాకెట్ మొదటిసారి లేచింది. దిశ చెప్పే యూనిట్లోని సాఫ్ట్‌వేర్ పాత ఏరియాన్ 4ది. అందులో అడ్డంగా వెళ్లే వేగానికి సంబంధించిన ఒక విలువని 64 బిట్ల దశాంశ సంఖ్య నుంచి 16 బిట్ల పూర్ణసంఖ్యలోకి కుక్కుతారు. పాత రాకెట్టుకి అది సరిపోయింది. కొత్తది జోరుగా పోతుంది, పట్టలేదు. విచారణ సంఘం తవ్వితే ఇంకా రుచికరమైన సంగతి బయటపడింది. పొంగే ప్రమాదమున్న విలువలు ఏడని ఇంజనీర్లకు ముందే తెలుసు. నాలుగింటికి రక్షణ పెట్టారు. ప్రాసెసర్ మీద భారం పెరుగుతుందని మిగతా మూడింటినీ "వీటికి ఇంత చాల్లే" అని వదిలేశారు. పొంగింది ఆ మూడింట్లో ఒకటి.

సాయానికి రెండో యూనిట్ ఉంది. దాంట్లో నడిచేదీ అదే సాఫ్ట్‌వేర్ కాబట్టి అది ఒక అడుగు ముందే చేతులెత్తేసింది. మొదటి యూనిట్ కన్నుమూస్తూ పంపిన ఎర్రర్ సమాచారాన్ని ప్రధాన కంప్యూటర్ రాకెట్ దిశ అనుకుని, లేని వంకర సరిచేయడానికి నాజిళ్లని ఆ చివరికంటా తిప్పింది. ఇంజను అంటుకున్న నలభై సెకన్లకల్లా రాకెట్టూ, దాంతోపాటు నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలూ ముక్కలైపోయాయి. కొసమెరుపేమిటంటే, ఏరియాన్ 5కి నేల వదిలాక ఆ లెక్కతో పనే లేదు. పాతదాంట్లో ఉంది కదా అని కొత్తదాంట్లోనూ ఉంచారు.

32 బిట్లకి మారాక అందరూ ఊపిరి పీల్చుకున్నారు. 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 దాకా పడుతుంది, ఇక చాల్లే అన్నారు. 2014 చివర్లో కొరియా గాయకుడొకాయన గుర్రం స్వారీ చేస్తున్నట్టు గెంతిన గంగ్నమ్ స్టైల్ వీడియో ఆ గీత దాటేసింది. యూట్యూబ్ లెక్కని 64 బిట్లకి పెంచాల్సి వచ్చింది.

మరుసటి ఏడు బోయింగ్ 787 వంతు. దాని జనరేటర్లని అదుపు చేసే యూనిట్లు 248 రోజులు ఆపకుండా నడిస్తే ఒక్కసారిగా ఆగిపోగలవని తేలింది. సెకనులో నూరోవంతు చొప్పున లెక్కపెట్టుకుంటూ పోతే 32 బిట్ల గుర్తున్న సంఖ్య నిండేది సరిగ్గా అన్ని రోజులకే. అమెరికా విమానయాన శాఖ వెంటనే ఆదేశం ఇచ్చింది: గడువులోగా విమానానికి కరెంటు తీసేసి మళ్లీ పెట్టండి. ఈ కబురు తెలిసిన రోజు మా మేనేజర్ గారి మొహం వెలిగిపోయింది. ఏ సమస్య వచ్చినా ఆయన మంత్రం "రీస్టార్ట్ కొట్టి చూడండి" అనేదే. "చూశారా, విమానాలకైనా అదే మందు" అన్నారు. ఆ తర్వాత ఆయనతో వాదించడం మానేశాను.

అక్షరాల సంగతీ ఇంతే. 1988 నవంబరు 2న రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన పురుగు ఇంటర్నెట్‌ని అతలాకుతలం చేసింది. దాని దారుల్లో ఒకటి, 512 బైట్ల జాగాలోకి 536 బైట్లు తోయడం. ఎంత వస్తుందో అడగకుండా వచ్చినదంతా లోపలికి పోసుకునే గెట్స్ అనే ఫంక్షన్ దానికి తలుపు తీసింది. అయినా సి భాష ప్రమాణంలోంచి దాన్ని తీసేసింది 2011లో. మనవాళ్ల పేర్ల దగ్గర ఈ తిప్పలు ఇంకొంచెం ఎక్కువ. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు కావాలి. పేరుకి 32 బైట్లు చాల్లే అని ఎవరైనా అనుకుంటే, సుబ్రహ్మణ్యం గారు ఒత్తులతో గుణింతాలతో 36 బైట్లయి, ఇంటిపేరు చెప్పకముందే పక్క గదిలోకి కాళ్లు చాపేస్తారు.

ఇక రెండో గుణం, అప్పు. మెమరీ అంటే చేబదులు. మాలాక్ అని అడిగితే సిస్టం ఇస్తుంది, పనయ్యాక ఫ్రీ అని తిరిగి ఇచ్చేయాలి. తీసుకోవడం మాత్రమే తెలిసిన ప్రోగ్రాముకి ఉన్న జబ్బు లీక్. తిరిగి ఇచ్చేసి కూడా నాదేనని వాడుకునేవాడొకడు, వాడిది ఇచ్చేశాక వాడుకోవడమనే జబ్బు. ఒకే అప్పు రెండుసార్లు తీర్చే ధర్మాత్ముడూ ఉంటాడు. లోకంలో వాణ్ని నెత్తిన పెట్టుకుంటారు గానీ ఇక్కడ డబుల్ ఫ్రీ అని పట్టుకుని చంపేస్తారు.

అప్పిచ్చే లైనక్స్ కూడా తక్కువదేం కాదు. తన దగ్గరున్న దానికంటే ఎక్కువే అందరికీ మాటిస్తుంది. అడిగినవాళ్లంతా నిజంగా వాడరులే అని దాని ధీమా. అందరూ ఒకేసారి వాడబోతే ఓఓఎమ్ కిల్లర్ అనే వస్తాదుని దించుతుంది. వాడు ప్రధానంగా ఎవరు ఎక్కువ మెమరీ పట్టుకున్నారో చూసి ఒకణ్ని వేసేస్తాడు. చాలాసార్లు ఆ బలి డేటాబేసే, పెద్ద సంసారం దానిదే కాబట్టి. పోయినవాడి లాగ్‌లో ఒక్క అక్షరం ఉండదు. కంటెయినర్ అయితే 137 అనే సంఖ్య కనబడుతుంది, 128కి చంపుడు సిగ్నల్ 9 కలిపితే వచ్చేది. హంతకుడి సంతకం కావాలంటే కెర్నల్ లాగ్ చూడాలి. మా కుర్రాళ్లు అది తప్ప అన్నీ చూస్తారు. జావా వాళ్లయితే హీప్ పరిమితి రెట్టింపు చేసి పండగ చేసుకుంటారు. లీకున్న ప్రోగ్రాముకి పరిమితి పెంచితే ఒరిగేది ఒకటే, మంగళవారం పడాల్సింది గురువారం పడుతుంది.

"అన్నా, ప్రింట్ పెట్టి చూస్తే పడట్లేదు, తీసేస్తే పడుతోంది. ప్రింట్ ఉంచేద్దామా?" అని ఒక జూనియర్ అడిగాడు. వాడి తప్పేం లేదు. ప్రింట్ పెట్టగానే మెమరీలో సామాన్లు అటూ ఇటూ జరుగుతాయి, పొంగిన బైటు ఎవరికీ అక్కర్లేని చోట పడుతుంది. ఇలాంటప్పుడు కళ్లని నమ్ముకోకూడదు, పనిముట్లని నమ్ముకోవాలి. వాల్‌గ్రైండ్ కింద నడిపితే ప్రోగ్రాం పది నుంచి ముప్ఫై రెట్లు నెమ్మదిస్తుంది గానీ ప్రతి బాకీ పద్దూ చూపిస్తుంది. అడ్రస్ శానిటైజర్‌తో కంపైల్ చేస్తే ఇంచుమించు రెండింతల సమయంలోనే పని అవుతుంది. అప్పు ఎక్కడ తీసుకున్నారు, ఎక్కడ తీర్చారు, తీర్చాక మళ్లీ ఎక్కడ చెయ్యి పెట్టారు అని మూడు చోట్లా లైను నంబర్లతో సహా చెబుతుంది. ఆ కుర్రాడు దాన్ని నడిపాడు. దోషి బయటపడ్డాడు. మేనేజర్ గారు మెయిల్ కొట్టింది వేరేవాడికని కూడా బయటపడింది.

ఇప్పుడంతా 64 బిట్లు, ఇక భయం లేదంటున్నారు. చదరంగం గళ్లలో ఒకటి, రెండు, నాలుగు అంటూ గింజలు పెంచుకుంటూ పోతే అరవై నాలుగు గళ్లకీ అయ్యే మొత్తం 18,446,744,073,709,551,615. గుర్తు లేని 64 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్యా అచ్చంగా ఇదే. ఈ ఇరవై అంకెలనీ చంద్రుడంటే ఒకటి, వేదాలంటే నాలుగు అనే లెక్కన ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి చెప్పే తెలుగు పద్యం ఉంది. పావులూరి మల్లనదని చెబుతారు. చిన్న స్థానాన్ని ముందు పెట్టడం ఇంటెల్ ప్రాసెసర్లకీ అలవాటే కాబట్టి వాళ్లు మన పద్ధతికే వచ్చారని సంతోషించవచ్చు. కాకపోతే ఆ గింజల మీద ఇంకొక్క గింజ వేసిచూడండి. మల్లన గారి లెక్క ఒకటి పెరుగుతుంది, మన కంప్యూటర్ లెక్క సున్నా అవుతుంది.

ఈలోపు 32 బిట్ల గడియారాలు ఇంకా ఎన్నో మూలల్లో తిరుగుతున్నాయి. 1970 నుంచి సెకన్లు లెక్కపెడుతున్న అవి 2038 జనవరి 19న మన ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి నిండుతాయి. బాగు చేయనివన్నీ మరుసటి సెకనులో 1901 డిసెంబరుకి వెళ్లిపోతాయి. 2038లో ఆ రోజు మంగళవారం, శుభకార్యాలు ఎలాగూ పెట్టుకోరు కాబట్టి కొంత నయం. మీ ఆఫీసులో ఎవరైనా ఏ కొలత దగ్గరైనా "ఇంత చాల్లే" అంటే తలూపకండి. "ఎంత, ఎన్నాళ్లకి, దాటితే ఏమవుతుంది?" అని మూడు ప్రశ్నలు అడగండి. జవాబు తెలియనివాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. రాకెట్టు పడటం కంటే అది చవక.